పీత డెక్కలో క్లోరైడ్, కప్ప గుండెలో పొటాషియం

యానాంలో మండపీత కొన్నప్పుడల్లా దాని డెక్క కండరమే గుర్తొస్తుంది నాకు. బిగించే నరంతో పాటు ఆపే నరం కూడా నేరుగా ఆ కండరానికే వస్తుంది (మనకైతే ఆ ఆపడం వెన్నుపాములోనే జరిగిపోతుంది).

ఈ ఆపడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కప్ప గుండెలో వేగస్ నరం (మెదడు నుంచి గుండెకు వచ్చేది) వదిలే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కణం పొరలో పొటాషియం దారులు తెరుస్తుంది, పొటాషియం బయటికి పోయి లోపలి వోల్టేజి ఇంకా దిగుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అంతే.

పీత జాతి కండరంలో ఆపే నరం వదిలే గాబా అనే రసాయనం తెరిచేది క్లోరైడ్ దారులు. పీతలకు చుట్టమైన క్రేఫిష్‌లో దీన్ని 1958లో బ్వాస్టెల్, ఫాట్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఇక్కడ వోల్టేజి ఒక్కోసారి దాదాపు కదలదు, అయినా బిగించే నరం వదిలే గ్లుటమేట్ తెచ్చే ఉత్తేజం, గండిపడ్డ కాలవలో నీటిమట్టం లేవనట్టే, పైకి లేవదు. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది. పిక్రోటాక్సిన్ అనే విషం వేస్తే ఈ బ్రేకు పోతుంది, కప్ప గుండెలో బ్రేకు తీయాలంటే అట్రోపిన్ అనే మందు కావాలి.