తీరమా, గదియా: బెకెట్, కాసింగ్టన్ స్మిత్ దారులు

తీరిక చిక్కని చిత్రకారిణి ఆరుబయట వేయాలా, ఇంట్లోనే వేయాలా అన్న ప్రశ్నకు ఇద్దరు ఆస్ట్రేలియా స్త్రీలు రెండు విధాలుగా జవాబిచ్చారు.

మెల్బోర్న్ శివారు బోమారిస్‌లో తల్లిదండ్రుల బాగోగులు చూసుకుంటూ బతికిన క్లారిస్ బెకెట్ (1887–1935), తెల్లవారుజామునా మునిమాపు వేళా రంగుల బండిని తోసుకుంటూ తీరానికి వెళ్లి, మంచులో కరిగిపోయే టెలిగ్రాఫ్ స్తంభాలనూ తడిసిన రోడ్లనూ చిత్రించింది. సిడ్నీ శివారు టుర్రమురాలో గ్రేస్ కాసింగ్టన్ స్మిత్ (1892–1984)కు తండ్రి తోటలోనే స్టూడియో కట్టించి ఇచ్చాడు. అల్మారా అద్దం, తెరిచిన తలుపు, పసుపు వెలుగు ఆమెకు చాలినంత ప్రపంచమయ్యాయి.

ఖర్చు: బెకెట్ దారికి చిన్న పలక, కొద్ది రంగులు చాలు, రెండోదానికి గది కావాలి, దాన్ని ఇచ్చే మనిషీ కావాలి.

శ్రమ: తీరాన వెలుగు మారేలోగా ముగించాలి. గదిలో మాత్రం చతురస్రాకారపు రంగు మచ్చలను ఒక్కొక్కటిగా పేరుస్తూ ఓపికగా సాగవచ్చు.

ప్రమాదం: తుపానులో సముద్రాన్ని చిత్రించాక న్యుమోనియా సోకి బెకెట్ 48 ఏళ్లకే మరణించింది, పల్లెలోని కొట్టంలో పడివున్న ఆమె చిత్రాలు ఎన్నో పాడైపోయాయి. స్మిత్‌కు పెద్ద గుర్తింపు ఆలస్యంగా, 1973 నాటి పునరావలోకన ప్రదర్శనతో వచ్చింది, అయితే చూసుకునేందుకు ఆమె జీవించే ఉంది.

రోజుకు గంటే దొరికేవారికి, గది లేనివారికి బెకెట్ పద్ధతి నప్పుతుంది. ఒకే వస్తువును ఏళ్ల తరబడి చూడగలిగి, తలుపు మూసుకునే హక్కున్నవారికి స్మిత్ పద్ధతే మేలు.