నీళ్ళలో అతికే జిగురు: మూడేళ్ళ వాడకం, ఒక్క రాత్రి నష్టం

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెంచే పగడాలను రాయికి అతికించడానికి అందరూ వాడే జెల్ సూపర్ గ్లూ గురించే రాస్తున్నాను. ఈ మూడేళ్ళలో నాలుగు రకాల ట్యూబులు మార్చాను. అన్నిట్లోనూ ఉండేది సైనోయాక్రిలేటే కాబట్టి పేరు చూసి కొనడం మానేశాను. నీళ్ళలా కారిపోకుండా, టూత్‌పేస్ట్‌లా కుదురుగా నిలబడితే చాలు.

ఇది నా చేతికి రాకముందు పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని ఇసుక మీద పడిన ముక్కల్ని లెక్కపెట్టడం. రాత్రంతా టర్బో నత్త రాళ్ళ మీద బుల్డోజర్‌లా తిరిగేది, సందుల్లో ఇరికించిన ఫ్రాగ్‌లన్నిటినీ (పెంచడానికి కోసిన చిన్న పగడపు ముక్కల్ని) పడదోసేది. జెల్ వచ్చాక ఆ బాధ పోయింది. మొదట అతికించింది బొటనవేలంత అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే పగడం) ముక్క. రెండు నెలల్లో దాని కండ అడుగు నుంచి పాకి, జిగురును కప్పేసి, రాయి మీదకి ఎక్కేసింది. అతుకు ఎక్కడుందో చూపించమంటే ఇప్పుడు నేనే చూపించలేను. ఆ ఊపులో తెలిసినవాళ్ళందరికీ 'ఇక పగడాలు అతికించే ఎపాక్సీ పుట్టీ కొనకండి' అని చెప్పేశాను. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ట్యూబు మీద నీటి అడుగున కూడా పనిచేస్తుందని రాసి ఉంటుంది. పనిచేస్తుంది కూడా. కానీ ఎలా పనిచేస్తుందో రాయరు. ఈ జిగురు గట్టిపడేదే తడి వల్ల. అందుకే నీళ్ళలో ముంచగానే జెల్ పైన పొర కట్టేస్తుంది. ఆ పొరతోనే రాయికి ఆనిస్తే అతుక్కోదు. గట్టిగా నొక్కి, ముక్కను అటూ ఇటూ కాస్త తిప్పితే పొర చిట్లి, లోపలి పచ్చి జిగురు బయటికొచ్చి రాయిని పట్టుకుంటుంది. పంపులు ఆపి, ఒక నిమిషం చెయ్యి కదలకుండా ఉంచాలి. మూడు ముక్కలు ఊడిపోయాక గానీ నాకిది తెలియలేదు.

అసలు దెబ్బ టార్చ్ కోరల్‌తో తగిలింది. రెండు తలలది, కింద బరువైన అస్థిపంజరం. ఏటవాలుగా ఉన్న రాయి మీద పెడితే బావుంటుందనిపించి, ఒక్క జెల్‌తోనే అతికించేశాను. నాలుగు నెలలు రాయిలాగే నిలబడింది. ఒకరోజు పొద్దున చూస్తే బోర్లా పడి ఉంది, అదీ కింద ఉన్న బ్రెయిన్ కోరల్ మీద. టార్చ్ టెంటకిల్స్ (పొడవాటి మెత్తటి వేళ్ళు) పక్క పగడాలను కుడతాయని, పక్కవాటికి జానెడు దూరం ఉండాలని తెలిసే పైన పెట్టుకున్నాను. పైనుంచి పడితే ఆ దూరం ఏం లెక్క? బ్రెయిన్ కోరల్‌లో అరచేతిలో సగమంత మేర కండ కరిగిపోయి తెల్లటి ఎముక కనిపించింది.

టెన్షన్‌లో వెంటనే చెయ్యి పెట్టి లేపబోయాను గానీ, టార్చ్ ఇంకా నీరు పట్టి ఉబ్బే ఉంది. ఆ స్థితిలో బయటికి తీస్తే నీళ్ళ బరువుకి కండ కిందికి వేలాడి, దాని సొంత ఎముక అంచులకే కోసుకుపోతుంది. లైట్లు ఆపి, అది ముడుచుకునే దాకా ఆగాను. తర్వాత కండకు వేలు తగలకుండా అడుగున ఎముక దగ్గర పట్టుకుని, నీళ్ళలోనే గిన్నెలోకి దించి, గిన్నెతో సహా బయటికి తీశాను. అయోడిన్ డిప్ ఇచ్చాను, అంటే అయోడిన్ కలిపిన నీళ్ళలో కాసేపు ముంచాను. అయినా మూడో రోజుకి ఒక తల గోధుమరంగు జిగటగా మారిపోయింది. రెండో తలకి పాకక ముందే ఆ కొమ్మను కట్టర్‌తో కోసేయాల్సి వచ్చింది.

ఊడిన జిగురు ముద్దను తిప్పి చూస్తే వెనకవైపు ఆకుపచ్చగా ఉంది. అంటే ఈ నాలుగు నెలలూ అది రాయిని కాకుండా రాయి మీది పాచిని పట్టుకుని వేలాడింది. పాచి లేచింది, పగడం పడింది. టూత్‌బ్రష్‌తో ఆ చోటును రుద్ది ఉంటే ఇంత జరిగేది కాదు, కాబట్టి సగం తప్పు నాదే. మిగతా సగం మాత్రం జిగురుదే. ఎండాక పెళుసుగా ఉంటుంది, పక్కనుంచి దెబ్బ తగిలితే పట్టు వదిలేస్తుంది. అంత బరువును దానిమీద వేయకూడదని ఇప్పుడు అనిపిస్తోంది.

మిగిలిన తలను ఈసారి కిందగా, ప్రవాహం నెమ్మదిగా తగిలే చోట పెట్టాను. రాయి రుద్ది, జెల్, దాని మీద రెండు రంగులు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ, మళ్ళీ జెల్. పుట్టీ ఒక్కటే అయితే రాయికి సరిగా అంటదు, జెల్ ఒక్కటే అయితే గుంతలు నింపదు. ఒకటే చికాకు, పుట్టీ పెట్టిన రాత్రి స్కిమ్మర్ (నురగతో నీళ్ళలోని మురికి తీసే పరికరం) నురగ పొంగి కప్పు నిండి కారింది. ముందే ఆపేసి ఉంచాల్సింది.

గ్లౌజులు వేసుకోండి. నావి పల్చటివి కావడంతో గ్లౌజులో వేలి కొసంత ముక్క రాయికే అతుక్కుని ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అయినా జోయాంథిడ్‌లు (గుండీల్లాంటి మెత్తటి పగడపు జీవులు) ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా చెయ్యి పెట్టను, కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. గట్టి ఎముక లేని మష్రూమ్ కోరల్‌కి ఈ జిగురు దండగ. బంక వదిలి జారిపోతుంది. చిన్న రాళ్ళున్న కప్పులో వేసి పైన వల కడితే అదే ఏదో ఒక రాయిని పట్టుకుంటుంది.

నాది 200 లీటర్ల ట్యాంకు, ఎక్కువగా చిన్న ఫ్రాగ్‌లే, ముక్కల్ని పడదోసే సీ అర్చిన్‌లు (ముళ్ళ బంతుల్లాంటి సముద్ర జీవులు) లేవు. ఇలాంటివాళ్ళకైతే కళ్ళు మూసుకుని కొనమంటాను. పిడికిలి కన్నా పెద్ద పగడాలున్నవాళ్ళకి నా మాట అంతగా పనికిరాకపోవచ్చు. బ్రెయిన్ కోరల్ తెల్లబడ్డ చోట అంచు నుంచి కొత్త కండ పాకుతోంది, ఇంకా సగం మిగిలే ఉంది.