ఎంజీబీనా, టీఆర్6నా, స్పిట్‌ఫైరా? పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనేవాళ్ల కోసం

పాత బ్రిటిష్ టాప్‌లెస్ కారు మొదటిసారి కొనబోయేవాళ్ల జాబితా వడపోసేసరికి సాధారణంగా మూడు పేర్లు మిగులుతాయి: ఎంజీబీ, ట్రయంఫ్ టీఆర్6, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. మూడింటికీ స్పేర్ పార్టులు ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి. మూడింటినీ ఇంటి గ్యారేజీలో విప్పి బిగించుకోవచ్చు, కాకపోతే మిల్లీమీటర్ల పానాలు పట్టవు, అంగుళాల సెట్టు కావాలి. నా తీర్పు ముందే చెప్తాను. ఎక్కువమందికి సరిపోయేది క్రోమ్ బంపర్ల ఎంజీబీ. ఆరు సిలిండర్ల గొంతు వినకపోతే తృప్తి లేదనుకునేవాళ్లకు, బండి ధరపైన ఇంకొంత పక్కన పెట్టగలవాళ్లకు టీఆర్6. బడ్జెట్ తక్కువ, సొంతంగా పని చేసుకునే ఓపిక ఎక్కువ అయితే స్పిట్‌ఫైర్.

ఏది కొన్నా ముందు చూడాల్సింది ఇంజను కాదు, ఇనుము. ఇంజను బోరుకి వచ్చినా, గేర్‌బాక్స్ అరిచినా ఖర్చు ఎంతవుతుందో పని మొదలుపెట్టకముందే లెక్క కట్టొచ్చు. తుప్పుకి ఆ లెక్క ఉండదు. పైన అరచేయంత కనిపించింది కోసి చూస్తే లోపల మూరెడు ఉంటుంది. అందుకే నిగనిగలాడే పెయింటు, నీరసంగా నడిచే ఇంజను ఉన్న బండికంటే, వెలిసిపోయిన పెయింటు కింద గట్టి బాడీ ఉన్న బండే మంచి బేరం. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు జాకీ, స్టాండ్లు, టార్చి, చిన్న అయస్కాంతం, పాత చాప తీసుకెళ్లండి. కిందకి దూరి చూడ్డానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం మొదలుపెట్టకండి.

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా అబింగ్‌డన్‌లో తయారైంది, అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైనే. దీనికి విడిగా చాసిస్ లేదు, బాడీయే బలం. ఆ బలమంతా తలుపుల కింద ఉండే సిల్స్‌లో ఉంది. సిల్ అంటే బయటికి కనిపించే రేకు ఒక్కటే కాదు. దాని వెనక నిలువుగా ఒక లోపలి రేకు, అడుగున పెట్టెలాంటి క్యాజిల్ సెక్షన్ ఉంటాయి. నీళ్లు లోపలే నిలిచి మూడింటినీ లోపలి నుంచి తింటాయి. చౌకగా అమ్మేసేవాళ్లు కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడిగి, పుట్టీ రాసి, రంగు కొడతారు. పట్టుకోవడం కష్టం కాదు. తలుపుకి ముందొకటి, వెనకొకటి, సిల్ దగ్గర ఫెండర్ రేకుల్లో నిలువు అతుకు గీత కనిపించాలి. ఆ గీత మాయమైందంటే ఎవరో అడ్డదారిలో పని చేశారని అర్థం. తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి, పుట్టీ మీద అది నిలవదు.

అసలు పరీక్ష జాకీతో. తలుపు చుట్టూ సందు పైనుంచి కిందదాకా ఒకేలా ఉందో లేదో ముందు చూసుకోండి. సిల్ కింద జాకీ పాయింట్ దగ్గర బండిని లేపి, అప్పుడు తలుపు తీసి వేయండి. గట్టి బండి అయితే తలుపు మామూలుగానే పడుతుంది. తలుపు పట్టేసినా, వెనక సందు మూసుకుపోయినా సిల్స్ పోయినట్టే. రెండు వైపులా సరిగ్గా చేయించాలంటే బ్రిటన్‌లో వేల పౌండ్ల పని. ఇక మిగిలినవి: 1974 దాకా సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి, ఆ పెట్టెల అడుగు చూడండి. వెనక కమాన్ పట్టీలు బిగించే చోటు, ఫ్లోర్ అంచులు, హెడ్‌లైట్ల వెనక మట్టి పేరుకునే చోటు కూడా. ఎంజీబీ కొనేవాళ్లకు ఉన్న పెద్ద భరోసా ఏంటంటే, ఎంత పోయినా రేకు దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి మొత్తం బాడీ షెల్లే కొత్తగా తయారుచేస్తున్నారు.

ఏ సంవత్సరం? 1798 సీసీ ఇంజనులో క్రాంక్‌ని (లోపల తిరిగే ప్రధాన షాఫ్ట్) మోసే మెయిన్ బేరింగులు మొదట్లో మూడే, 1964 చివర్లో అయిదయ్యాయి. అయిదు బేరింగుల ఇంజనే తీసుకోండి. ఫస్ట్ గేరులో కూడా సింక్రోమెష్ (గేరు అరవకుండా పడేలా చేసేది) కావాలంటే 1967 చివర్లో వచ్చిన మార్క్ 2 నుంచి చూడాలి. 1974 శరదృతువు నుంచి అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, బండిని దాదాపు అంగుళంన్నర ఎత్తు లేపారు. మలుపుల్లో ఒరుగుడు ఎక్కువైంది. 1977 మోడల్ నుంచి ఒరుగుడు ఆపే యాంటీ రోల్ బార్లు సరిదిద్దాక కొంత మెరుగుపడింది. అమెరికాకి వెళ్లిన 1975 తర్వాతి బండ్లలో జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు తీసి ఒక్క జెనిత్ స్ట్రామ్‌బర్గ్ పెట్టారు. 95 ఉన్న హార్స్‌పవర్ అరవై చిల్లరకి పడిపోయింది. అందుకే రబ్బరు బంపర్ బండి ధర తక్కువ. బాడీ గట్టిగా ఉండి, ధర నిజంగా తగ్గితే అదీ మంచి కొనుగోలే, జంట ఎస్‌యూలు తర్వాతైనా పెట్టుకోవచ్చు. వానలు ఎక్కువపడే ఊళ్లో ఉండి రోజూ నడపాలనుకునేవాళ్లు మాత్రం జీటీ చూడండి. 1965లో వచ్చిన ఈ పైకప్పు బండి మెకానికల్‌గా అదే కారు, సామాను పడుతుంది, ఓపెన్ బండికంటే చవక. దీన్ని జనం ఎందుకు పట్టించుకోరో నాకెప్పుడూ అర్థం కాదు.

మెకానికల్‌గా ఎంజీబీలో భయపడాల్సింది తక్కువ. వేడెక్కాక నడుస్తుంటే ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐ పైన ఉండాలి, ఐడిల్‌లో 10 నుంచి 25 ఉన్నా ఫర్వాలేదు. ముందు కింగ్‌పిన్‌లకు (స్టీరింగ్ తిప్పితే చక్రం వీటి మీదే మళ్లుతుంది) ప్రతి 3000 మైళ్లకు గ్రీజు కొట్టాలి, అదీ చక్రం గాల్లో ఉన్నప్పుడే. లేకపోతే గ్రీజు లోపలికి సరిగ్గా వెళ్లదు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఎవరో బ్రేక్ తొక్కుతుండగా మళ్లీ ఊపండి. ఆట పోతే తప్పు వీల్ బేరింగుది, ఉంటే కింగ్‌పిన్‌ది. క్లచ్ రిలీజ్ బేరింగ్ కార్బన్‌ది, సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి కూర్చునేవాళ్ల చేతిలో త్వరగా అరుగుతుంది. దాన్ని మార్చాలంటే ఇంజను దించక తప్పదు కాబట్టి, జారుతున్న క్లచ్‌ని బేరంలో గట్టిగా వాడుకోండి. రెండు ట్రయంఫ్‌లలో అయితే గేర్‌బాక్స్ కారు లోపలి నుంచే బయటికి వస్తుంది.

టీఆర్6 వేరే జాతి. 2498 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, 1976 దాకా తయారీ. 90 వేలకు పైగా చేస్తే ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి, అవన్నీ స్ట్రామ్‌బర్గ్ కార్బ్యురేటర్ల బండ్లు. బ్రిటన్‌లో అమ్మినవి లూకాస్ పెట్రోల్ ఇంజెక్షన్‌తో వచ్చాయి. ఇవాళ బ్రిటన్‌లో అమ్మకానికి ఉన్నవాటిలో చాలా అమెరికా నుంచి వెనక్కి తెచ్చి, స్టీరింగ్ కుడివైపు మార్చినవి. తప్పేం లేదు, కాకపోతే ధర ఆ లెక్కన ఉండాలి. కమిషన్ నంబరు (ట్రయంఫ్ బండి చాసిస్ నంబరు) సీపీతో మొదలైతే 150 హార్స్‌పవర్ ఇంజెక్షన్ బండి, సీఆర్ అయితే 1973 నుంచి వచ్చిన 125 రకం, సీసీ లేదా సీఎఫ్ అయితే అమెరికాది. నంబరు చివర ఇంగ్లిష్ 'O' అక్షరం ఉంటే ఫ్యాక్టరీలోనే ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజను తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) పెట్టారని గుర్తు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌తో సరిపోల్చుకుంటే వాదన ఉండదు.

ఈ ఇంజనుకి ఒక్క పరీక్ష తప్పనిసరి. ఇంజను ఆపి, ముందు క్రాంక్ పుల్లీ మీద చూపు పెట్టి, ఇంకొకరితో క్లచ్ తొక్కించండి. క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగాల్సింది 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్లే, అంటే కంటికి ఆనకూడదు. స్పష్టంగా కదిలితే వెనక మెయిన్ బేరింగు దగ్గరి అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు అరిగాయి. క్లచ్ తొక్కినప్పుడల్లా క్రాంక్ ముందుకి తోసుకుంటుంది, ఆ భారమంతా వీటి మీదే. పట్టించుకోకపోతే ఒకరోజు ఆయిల్ చాంబర్‌లోకి రాలిపడతాయి, ఆ తర్వాత క్రాంక్ నేరుగా బ్లాకునే కొరుకుతుంది. వాషర్ల ధర దాదాపు ఏమీ లేదు, బ్లాకు ధర చాలా ఉంది.

ఇంజెక్షన్‌కి చెడ్డపేరు ఎక్కువ. దోషం చాలావరకు డిక్కీలో ఉండే పాత లూకాస్ పంపుది. పెట్రోలు 100 పీఎస్ఐ పైన తోస్తూ ఎండలో, ట్రాఫిక్‌లో కాగిపోతుంది, బండి దగ్గడం మొదలుపెడుతుంది. బాష్ పంపు పెట్టిన బండి దొరికితే సగం బెంగ తీరినట్టే. ఇంకో సగం మీటరింగ్ యూనిట్, అంటే ఇంజనుకి ఎంత పెట్రోలు పోవాలో కొలిచేది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ పెట్రోలు కంపు కొడితే ఇంజనులోకి పెట్రోలు మరీ ఎక్కువగా పోతోంది, ఆ పల్చబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది. సరిగ్గా ట్యూన్ చేసిన ఇంజెక్షన్ బండి మాత్రం 3000 ఆర్‌పీఎం దాటాక లాగే తీరు చూస్తే, అంత తంటా ఎందుకు పడతారో తెలిసిపోతుంది.

టీఆర్6కి విడి చాసిస్ ఉంది, ఆ ధీమాతో కిందకి చూడకుండా కొనకండి. వెనక చక్రాలను పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు బిగించే చోట చాసిస్ కుళ్లుతుంది. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు వెనకనుంచి ఠంగుమంటే డిఫరెన్షియల్‌ని పట్టుకునే బ్రాకెట్లు చూడాలి, ముందు కుడివైపుది ఎక్కువగా చీలుతుంది. వెల్డ్ చేసి బలం పెంచిన బండి అయితే అది దోషం కాదు, యజమాని శ్రద్ధకు గుర్తు. మలుపులో గ్యాస్ వదలగానే తోక విదిలించినట్టు అనిపిస్తే డ్రైవ్‌షాఫ్ట్ స్ప్లైన్లు (ఒకదాంట్లో ఒకటి జారాల్సిన పళ్లు) పట్టేస్తున్నాయి.

స్పిట్‌ఫైర్ గురించి క్లుప్తంగా. ముందు భాగమంతా ఒక్క ముక్కగా పైకి లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. చాసిస్ ఉన్నా సిల్స్ ఇక్కడా బలంలో భాగమే, వెనక చక్రాలను తిన్నగా పట్టే రేడియస్ ఆర్మ్‌లు సీట్ల వెనక బాడీకే బిగిస్తారు, అక్కడ కుళ్లితే బండి తిన్నగా పోదు. వెనక సస్పెన్షన్ మొదట్లో ప్రమాదకరంగా ఉండేది, 1970 చివర్లో వచ్చిన మార్క్ 4 నుంచి స్వింగ్ స్ప్రింగ్ అనే కొత్త రకం కమాన్ పట్టీతో కుదుటపడింది. ముందు ట్రనియన్లలో (ముందు చక్రం మళ్లే కింది కీలు) గ్రీజు కాదు, ఈపీ90 గేర్ ఆయిల్ పోయాలి. గ్రీజు మరల్లోకి చేరదు, నీళ్లు చేరతాయి, చివరికి చక్రాన్ని మోసే వర్టికల్ లింక్ విరిగి చక్రం మడత పడుతుంది. అమ్మే మనిషిని ఈ ఒక్క ప్రశ్న అడగండి, బండిని ఎలా చూసుకున్నాడో జవాబులోనే తెలుస్తుంది. 1493 సీసీ ఇంజను హైవే మీద గంటల తరబడి ఎక్కువ ఆర్‌పీఎంలో తిప్పితే కింది బేరింగులు పోతాయి, కాబట్టి 1500 మోడల్ అయితే ఓవర్‌డ్రైవ్ ఉన్నదే తీసుకోండి. చివరి ఎంజీ మిడ్జెట్‌లో ఉన్నదీ ఇదే ఇంజను.

ఓవర్‌డ్రైవ్ పనిచేయడం లేదని ధర తగ్గిస్తే తొందరపడి భయపడకండి. ఇంజను ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, టాప్ గేరు వేసి స్విచ్ నొక్కండి. కింద టక్కుమని వినిపించకపోతే తప్పు ఎక్కువసార్లు వైరుదో, గేర్‌బాక్స్ మీది స్విచ్‌దో, సొలినాయిడ్‌దో. టక్కుమన్నా పట్టుకోకపోతే ముందు గేర్ ఆయిల్ మట్టం చూడండి.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండిని హిస్టారిక్ వర్గంలోకి మార్పించుకుంటే రోడ్ ట్యాక్స్ సున్నా, లండన్ యూలెజ్ (కాలుష్యం ఎక్కువ చేసే బండ్లకు వేసే) రుసుమూ లేదు. పెద్ద మార్పులు చేయని బండికి ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు. అయినా కొనేముందు అమ్మేవాళ్లతో ఒక ఎంఓటీ చేయించమనండి, పాత ఎంఓటీల చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి ఉచితంగా చదవండి. ఏళ్ల తరబడి తుప్పు అని రాసి ఉండి, వెల్డింగ్ బిల్లు ఒక్కటీ లేకపోతే ఆ తుప్పు ఇంకా అక్కడే ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లలో న్యూజెర్సీ, ఒహాయోవాళ్లు ఉప్పు చల్లే రోడ్ల బండికంటే టెక్సస్, ఆరిజోనా బండి తెప్పించుకోవడం మేలు. డాష్‌బోర్డు ఎండకి పగిలి ఉంటుంది, ఫ్లోర్ మాత్రం గట్టిగా ఉంటుంది. కాలిఫోర్నియాలో 1975 దాకా ఉన్న మోడళ్లకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు, 1976 నుంచి ఉంది. అక్కడ 1976 ఎంజీబీ కొని జంట ఎస్‌యూలు పెడదామనుకుంటే రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు.

ఇంటికి తెచ్చాక మొదటి వారంలోనే పెట్రోల్ పైపులన్నీ ఎథనాల్ తట్టుకునే ఆర్9 గ్రేడువి వేయండి, బ్రేక్ ఆయిల్ మార్చండి, పదేళ్లు దాటిన టైర్లు ఎంత గాడి ఉన్నా తీసేయండి. ఇంజనులో 20డబ్ల్యూ50 ఆయిల్, జింక్ సరిపడా ఉన్న క్లాసిక్ రకం పోయండి. బ్రిటన్‌లో అయితే ఈ10 (పది శాతందాకా ఎథనాల్ కలిపినది) కాకుండా సూపర్ ఈ5 పెట్రోలు కొట్టించండి.