దసరా సెలవుల్లో టాస్మానియా: కోలా, డెవిల్, ఇంకా మన పందికొక్కు

మా పాపకి సంచి జంతువుల పిచ్చి. కంగారూ, కోలా, వాంబాట్, టాస్మానియన్ డెవిల్, దేని బొమ్మ చూపించినా సంచి ఎటు తెరుచుకుంటుందో కూడా చెప్పేస్తుంది. అందుకే ఈ దసరాకి ఊరెళ్ళకుండా, రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బుతో నేను, మావారు, పాప, అత్తయ్య నలుగురం శంషాబాద్ నుంచి సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్, అక్కణ్ణుంచి ఆ దేశానికి దక్షిణాన దీవి రాష్ట్రమైన టాస్మానియా వెళ్ళొచ్చాం. ప్లాన్ చేసుకునేవాళ్ళకి పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

బ్రిస్బేన్‌లో లోన్ పైన్ కోలా సాంక్చువరీ చూశాం, 1927లో రెండు కోలాలతో మొదలుపెట్టారట. కోలాని ఎత్తుకోవాలని పాపకి ఎన్నాళ్ళ కోరికో, కానీ 2024 నుంచి ఎత్తుకోనివ్వడం మానేశారు, దగ్గర నిలబడి చూడ్డమే. పాప మొహం చిన్నబుచ్చుకుంది గానీ నాకు అదే నచ్చింది. రోజుకి పద్దెనిమిది ఇరవై గంటలు పడుకునే ప్రాణి అది, తినే యూకలిప్టస్ ఆకులో బలం తక్కువ, విషం ఎక్కువ, అది అరిగించుకోడానికే దాని ఒంట్లో శక్తంతా అయిపోతుంది, అలాంటిదాన్ని ఫోటోల కోసం చేతులు మార్చడం ఏం బావుంటుంది చెప్పండి. పిల్ల ఆకులు తినడం మొదలెట్టేముందు తల్లి దానికి పాప్ అనే మెత్తటి మలం తినిపిస్తుంది, ఆకుని అరిగించే సూక్ష్మజీవులు అలాగే పిల్ల పొట్టలోకి చేరతాయి. ఇది విని అత్తయ్య "మనం చంటిదానికి ఉగ్గు పెట్టినట్టేగా" అంది. 2022లో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ కోలాలని అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో చేర్చారు. ఈ సాంక్చువరీకి ఒక పూట చాలు.

టాస్మానియా రాజధాని హోబార్ట్ ఎయిర్‌పోర్ట్‌లో పళ్ళు వాసన పట్టే కుక్కలుంటాయి, బ్రిస్బేన్‌లో కొన్న అరటిపళ్ళు అక్కడే డబ్బాలో పడేశాం. బయటి తెగుళ్ళు రానివ్వరు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినా అంతే. ఊళ్ళో మొదటి రెండు రాత్రులు దిగిన అపార్ట్‌మెంట్ మాత్రం అస్సలు బాలేదు, హీటర్ పనిచెయ్యలేదు, మెసేజ్ పెడితే మర్నాడు సాయంత్రానికి జవాబు, అత్తయ్య రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకుంది. అక్టోబర్ అంటే అక్కడ వసంతకాలమే కానీ రాత్రిళ్ళు మన డిసెంబర్ కంటే చలి. బుక్ చేసేముందు హీటింగ్ గురించి అడిగి తీరాలి.

ఊరికి అరగంట దూరంలో బోనొరాంగ్ సాంక్చువరీ ఉంది. దెబ్బలు తగిలినవి, తల్లి పోయినవి తెచ్చి పెంచే చోటు ఇది, డబ్బు వసూలు చేసి వదిలేసే జూ కాదు. టాస్మానియా రోడ్ల మీద రాత్రిపూట కార్ల కింద పడి చచ్చే జంతువులు లెక్కలేనన్ని, కానీ తల్లి చచ్చినా సంచిలో పిల్ల బతికే ఉండొచ్చు. అక్కడమ్మాయి చెప్పిన సంగతి నాకు ఇంకా మనసులోంచి పోలేదు: చిన్నపిల్ల నోట్లో చనుమొన ఉబ్బి గట్టిగా పట్టేసుకుంటుంది, దాన్ని బలవంతంగా లాగితే నోరు చిరిగిపోతుంది, అందుకని లాక్కూడదు, తల్లితో పాటే తెచ్చి అప్పగించాలి. డెవిల్స్ కూడా అక్కడే చూశాం. బియ్యపు గింజంత పిల్లలు ఇరవై ముప్పై పుడతాయి, తల్లికి చనుమొనలు నాలుగే, ముందు పాకి వెళ్ళి పట్టుకున్న నాలుగే బతుకుతాయి. వాటికి 1996లో మొదటిసారి కనిపెట్టిన మొహం క్యాన్సర్ ఒకటుంది, ఒకదాన్నొకటి కరుచుకుంటే అంటుకుంటుంది, దాంతో చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి.

కారు అద్దెకి తీసుకునేవాళ్ళకి ఒక మాట, పేపర్లు మొత్తం చదవండి. మాకిచ్చిన కాగితంలో పొద్దుగూకాక జంతువుని గుద్దితే ఇన్సూరెన్స్ రాదని చిన్నక్షరాల్లో ఉంది, కౌంటర్‌లో నోటితో ఒక్కరూ చెప్పలేదు. చీకటి పడేలోపే దిగాలని అప్పుడే నిర్ణయించుకున్నాం.

తర్వాత ఊరి బయట ఫార్మ్ స్టేకి మారాం. ట్రిప్ మొత్తంలో డబ్బుకి తగ్గ చోటు ఇదే, వంటిల్లు ఉంది, కట్టెల పొయ్యి హీటర్ ఉంది, ఇంటావిడ కోడిగుడ్లు కూడా ఇచ్చింది. రాత్రి తొమ్మిదింటికి అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి "ఒసేయ్ అమ్మాయ్, ఇక్కడా పందికొక్కులేనే" అని పిలిచింది. వెళ్ళి చూస్తే కుందేలంత జంతువు, పొడుగాటి ముక్కు, నడుం మీద తెల్లటి చారలు, గడ్డిలో ముక్కు పెట్టి టకటకా గుంటలు తవ్వుతోంది. ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్. నాకు ఒళ్ళు జలదరించింది ఎందుకంటే బ్యాండికూట్ అనే ఇంగ్లీషు మాట పుట్టిందే మన పందికొక్కులోంచి, ఆ మాటే సముద్రాలు దాటి ఆస్ట్రేలియా జంతువుకి పేరైపోయింది. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు, మనది ఎలుక జాతి, ఇది సంచి జంతువు, పైగా సంచి వెనక్కి తెరుచుకుంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. పన్నెండు రోజుల పైచిలుకు కడుపులో ఉండి పుట్టేస్తాయి. ఆస్ట్రేలియాలోనే విక్టోరియా రాష్ట్రంలో నక్కలు తినేసి ఒకప్పుడు అడవిలో ఇవి లేవనే తేల్చేశారు, తర్వాత నక్కల్లేని దీవుల్లోనూ కంచెలు కట్టిన చోట్లా వదిలి పెంచితే 2021లో ఆ ముద్ర తీసేశారు. అత్తయ్య ఆ రాత్రి గంటన్నర కిటికీ దగ్గరే కూర్చుంది.

ఇక మరాయా ఐలండ్, రాయడం Maria అనే గానీ అక్కడివాళ్ళు మరియా అనరు. ట్రయబన్నా నుంచి ఫెర్రీ. దీవిలో షాపు లేదు, కార్లు లేవు, తిండి మోసుకెళ్ళాలి, చెత్త మోసుకురావాలి. పాత ఖైదీల జైలు గదుల్లో బంక్ బెడ్లు, కరెంట్ లేదు, మేం పులిహోర, బ్రెడ్, టార్చ్ పట్టుకెళ్ళాం. సాయంత్రం గడ్డి మైదానంలోకి వాంబాట్లు వచ్చాయి. మేం కూర్చున్న చోటికి పది అడుగుల్లో ఒకటి, గడ్డి పరపరా తెంపుతున్న చప్పుడు వినిపిస్తోంది, వెనక కాళ్ళ మధ్యనుంచి పిల్ల తల బయటపెట్టి తనూ గడ్డి కొరుకుతోంది. వెంటపడి సెల్ఫీలు దిగబోమని ప్రమాణం చెయ్యమంటూ వచ్చేవాళ్ళని అక్కడ అడుగుతారు, పాప గట్టిగా చదివి మరీ చేసింది.

కానీ ఒక బాధ కూడా ఉంది ఆ దీవిలో. జబ్బు లేని డెవిల్స్‌ని కాపాడాలని 2012లో అక్కడ వదిలారు, అవి బాగానే పెరిగాయి, అయితే 2012లో మూడువేల జంటలున్న చిన్న పెంగ్విన్లు ఆ తర్వాత ఒక్కటీ మిగల్లేదు. నాకైతే డెవిల్స్‌ని కాపాడటం తప్పనిపించదు, పెంగ్విన్లు ఉన్న దీవినే ఎంచుకోవడం మాత్రం తప్పే. మన దగ్గరా ఇలాంటి పని జరిగింది, నెహ్రూ జూపార్క్‌లో అంతరించే జంతువుల్ని కాపాడే అత్తాపూర్ ల్యాబ్ లాకోన్స్ సైంటిస్టులతో కలిసి మూషిక జింకల్ని పెంచి 2017లో నల్లమలలో అమ్రాబాద్ అడవిలో వదిలారు, అవి మాత్రం తమ సొంత అడవికే వెళ్ళాయి.

మళ్ళీ వెళ్తే బ్రిస్బేన్ తీసేసి మరాయాలో మూడు రాత్రులు ఉంటాం. గదులు చాలా ముందే అయిపోతాయి, ఫెర్రీ కంటే ముందు గది చూసుకోండి, నేషనల్ పార్క్ పాస్ విడిగా కొనాలి. పెద్దవాళ్ళుంటే కింద బంక్ అడగండి.