సీసాలో డెండ్రోబియం పిల్లలు: మొక్కలు బాగున్నాయి, సీసాయే తంటా

టిష్యూకల్చర్ ల్యాబ్ నుంచి గాజు సీసాలో వచ్చే ఈ డెండ్రోబియం (ఒక రకం ఆర్కిడ్) పిల్లమొక్కలు ధరకు తగ్గ సరుకే. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అవి పెరిగే జెల్లీ లాంటి అగర్‌లో బూజు లేదు. చిక్కంతా ఇరుకు మూతితోనే. వెడల్పు మూతి సీసాలో పంపితే సగం పని తప్పేది.

ముందు గోరువెచ్చని నీళ్లు పోసి మెల్లగా తిప్పితే అగర్ వదులవుతుంది. చిన్న పిల్లలు వేళ్లవైపు నుంచి జారి వస్తాయి. పెద్దవాటిని పట్టకారుతో లాగొద్దు. ఆకులు మూతికి తట్టుకుని మడత పడి, మధ్య చిగురు విరుగుతుంది. అప్పుడు సీసా పగలగొట్టడమే దారి: నీళ్లు వంపేసి, నాలుగైదు పొరల న్యూస్‌పేపర్ చుట్టి, మందపాటి సంచిలో పెట్టి, అడుగు అంచున సుత్తితో చిన్న దెబ్బ. కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు తప్పనిసరి. గట్టిగా కొడితే గాజు రవ్వలు అగర్‌లో దిగిపోతాయి, అందులో అవి కంటికి ఆనవు.

అగర్‌ను పూర్తిగా కడగాలి. దానిలోని చక్కెరకే ఫంగస్ పడుతుంది. తర్వాత లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ (ఫంగస్ మందు) కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ముంచి, తడి స్ఫాగ్నమ్ నాచులో గుంపుగా నాటి, పారదర్శక మూత పెట్టాలి. సీసాలో పెరిగిన ఆకులకు మైనపు పొర పలచన, మూత ఒక్కసారిగా తీస్తే వాడిపోతాయి. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా తెరవండి.

లేబుల్‌పై రకం పేరుంది కానీ సీసాలోకి మార్చిన తేదీ లేదు, అది పెద్ద లోటు. హైదరాబాద్ ఎండల్లో తెప్పించుకోవద్దు; తొలకరి దాకా ఆగితే మేలు.