నాలుగు గంటలు తెరుచుకోని లాకు: కాలువ పడవ మీద మా వారం రోజులు

కాలువలో పడవల్ని ఎత్తే, దించే లాకు పాడైనందుకు నాకు కోపం లేదు. రెండు వందల ఏళ్లు దాటిన కాలువ అది. చెక్క తలుపులు నానతాయి, ఇనుము అరుగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. పాడైందని ముందే తెలిసి, పడవ తాళం మా చేతిలో పెట్టేటప్పుడు ఒక్క మాటైనా చెప్పని పడవల కంపెనీ మీద నా కోపం. పైగా ఆ లాకు వల్ల ఆలస్యమైనందుకు మా దగ్గరే 150 పౌండ్లు పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో పడవ అద్దెకు తీసుకోవాలనుకునే మనవాళ్లకు ఇది ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

అక్టోబరు చివర పిల్లల సెలవుల్లో మేం ఐదుగురం వెళ్లాం: నేను, మా ఆయన, పదకొండేళ్ల మా బాబు, అన్నయ్య, వదిన. నార్తాంప్టన్‌షైర్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ మీద పడవ ఎక్కి, నార్టన్ జంక్షన్ దగ్గర లెస్టర్ వైపు తిరిగి, ఫాక్స్‌టన్ మెట్ల లాకులు చూసి వెనక్కి రావాలన్నది ప్లాన్. శనివారం నుంచి శనివారం దాకా 57 అడుగుల పడవకు అద్దె 1,480 పౌండ్లు. డ్యామేజీ వెయివర్ (పడవకు నష్టం జరిగితే మన మీద భారం తగ్గించే రుసుము) పేరుతో ఇంకో 65. డీజిల్ వాడినంతకు కట్టాలి, మాకు 94 అయింది. సరుకులకు 130. పడవలో రెండు గదులు, వంటిల్లు, షవర్, బొగ్గు పొయ్యి ఉన్నాయి. పడవ మాత్రం శుభ్రంగా ఉంది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది.

లాకు గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. గోదావరి, కృష్ణా డెల్టా వాళ్లకు అక్కర్లేదనుకోండి. కాలువ ఎత్తు మారే చోట రెండు వైపులా తలుపులున్న తొట్టి కడతారు. పైకి వెళ్లాలంటే తొట్టిలోకి వెళ్లి కింది తలుపులు మూసి, పై నుంచి నీళ్లు వదలాలి. నీటితో పాటు పడవ లేస్తుంది. నీళ్లు వదిలే చిన్న షట్టర్‌ను ఇక్కడ ప్యాడిల్ అంటారు. విండ్‌లాస్ అనే వంకర ఇనుప హ్యాండిల్‌తో దాన్ని తిప్పి ఎత్తాలి. తలుపుకి రెండు వైపులా నీటి మట్టం ఒక్కటయ్యేదాకా ఎంతమంది తోసినా తలుపు కదలదు. మా వారమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

మొదటి రోజు మూడున్నరకు బయల్దేరాం. కంపెనీ అబ్బాయి అరగంట శిక్షణ ఇచ్చాడు. మ్యాపు మీద ఒక లాకు దగ్గర వేలు పెట్టి, ఇది కొంచెం బిగుతుగా ఉంటుంది అని మాత్రం అన్నాడు. పేరు ఇక్కడ రాయను. అక్కడికి వెళ్లి చూస్తే పై రెండు ప్యాడిళ్లలో ఒకదానికి ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది, అంటే పని చేయదు. రెండోది సగం వరకే లేస్తోంది. కింది తలుపుల సందుల్లోంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. మామూలుగా పావుగంటలో నిండాల్సిన తొట్టి నిండటానికి యాభై నిమిషాలు పట్టింది. అన్నయ్య, మా ఆయన, బాబు ముగ్గురూ తలుపును తోసే పొడవాటి దూలానికి వీపు ఆనించి తోస్తే తెరుచుకుంది. తెరుచుకుంది కదా అని మర్చిపోయాం. అక్కడే ఫోన్ తీసి, కాలువ చూసుకునే సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టే నోటీసులు చూసుంటే అప్పుడే తెలిసేది. ఆ లాకులో ఒక ప్యాడిల్ పనిచేయడం లేదనీ, నీళ్లు కారుతున్నాయనీ, ఆలస్యం అవుతుందనీ మేం ఎక్కడానికి పది రోజుల ముందే పెట్టారు.

ఆదివారం వాట్‌ఫర్డ్ లాకులు ఎక్కాం. ఏడు లాకులు, అందులో నాలుగు ఒకదానికొకటి ఆనుకుని మెట్లలా ఉంటాయి. సిబ్బంది దగ్గరుండి ఎక్కించారు. పక్కనే ఎం1 మోటార్‌వే మీద లారీలు పరిగెడుతుంటే మనం నడిచేంత వేగంతో వెళ్తుంటాం. కాలువ మీద గంటకు 4 మైళ్లకు మించి పోకూడదు. తర్వాత క్రిక్ సొరంగం, 1,528 గజాలు. పై నుంచి నీళ్లు కారతాయి, రెయిన్‌కోటు తప్పనిసరి. ఆపైన ఒక్క లాకు కూడా లేకుండా సుమారు 20 మైళ్లు. వదిన మూడు రోజులుగా ఒక్క మాట మాట్లాడకుండా ముందు కూర్చుని బయటికే చూస్తోంది. నచ్చలేదేమో అనుకున్నాను. సోమవారం సాయంత్రం తనే వచ్చి, ఇంత నిశ్శబ్దం విని ఎన్నేళ్లయిందో అంది.

ఫాక్స్‌టన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1814 నాటి పది లాకులు, ఐదేసి చొప్పున రెండు వరసలు, 75 అడుగుల దిగుడు. పక్కనే చిన్న చెరువులు ఉంటాయి, నీళ్లు వాటిలోకి పోయి మళ్లీ వాడకానికి వస్తాయి. ప్రతి లాకు దగ్గరా ఎర్ర రంగు ప్యాడిల్ ఒకటి, తెల్ల రంగుది ఒకటి. ముందు ఎరుపు, తర్వాత తెలుపు. తారుమారైతే నీళ్లు పొరలిపోతాయి. వాలంటీరుగా పనిచేసే ఒక పెద్దాయన మా బాబు చేతికి విండ్‌లాస్ ఇచ్చి, పది లాకులూ వాడి చేతే తిప్పించారు. ముప్పావుగంటలో కిందికి వచ్చేశాం. ఈ సేవకు విడిగా ఒక్క పెన్నీ లేదు. 1900లో ఈ లాకులకు బదులుగా పడవల్ని తొట్లతో సహా కొండమీదికి లాగే యంత్రం పెట్టారట, 1911లో ఆపేశారు. పాత లాకులే మిగిలాయి. ఆ వాలు ఇప్పటికీ చూడొచ్చు, తప్పకుండా నడవండి. మార్కెట్ హార్‌బరో దాకా వెళ్లి, అక్కడ ఒక రాత్రి ఆగి, బుధవారం వెనక్కి తిరిగాం. బుధ, గురువారాలు హాయిగా గడిచాయి.

శుక్రవారం మధ్యాహ్నం 12:15కి మళ్లీ ఆ లాకు దగ్గరికి వచ్చాం. ఈసారి దిగాలి. దిగాలన్నా ముందు తొట్టి నిండాలి, పై తలుపులు తెరుచుకుంటేనే లోపలికి వెళ్లగలం. మాకంటే ముందే ఒక పడవ పదిన్నర నుంచి ఎదురుచూస్తోంది. భార్యాభర్తలిద్దరే, ఆమెకి ఏడుపు ఒక్కటే తక్కువ. సగం వరకు లేచే ఆ ప్యాడిల్ ఇప్పుడు కొక్కెం జారి కిందికి పడిపోతోంది. హ్యాండిల్ పట్టుకుని ఒకరు నిలబడాల్సిందే. వచ్చే నీళ్లు, కారిపోయే నీళ్లు సమానమై, పై మట్టానికి జానెడు కింద ఆగిపోయింది. ఆరుగురం కలిసి తోశాం. తలుపు అంగుళం కదల్లేదు.

కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి మొదటి ఫోన్ 12:40కి, ఎత్తలేదు. రెండోది ఒంటి గంటకి, ఎత్తలేదు. 1:25కి ఎత్తి, పడవకు సమస్యైతే మాది, లాకు మాది కాదు అన్నారు. రేపు తొమ్మిదికి పడవ అప్పజెప్పలేకపోవచ్చు అని అన్నయ్య చెబితే, ఆలస్యమైతే గంటకు 50 పౌండ్లు, కాంట్రాక్టులో ఉంది అన్నారు. అన్నయ్య ఫోన్ జేబులో పెట్టుకుని గట్టు మీద పచార్లు మొదలుపెట్టాడు. వాడికి టెన్షన్ వస్తే ఎవరితోనూ మాట్లాడడు. కాలువ చూసుకునే సంస్థ నంబరుకి చేస్తే మాత్రం రెండు నిమిషాల్లో పలికారు. ఉన్న మనిషి వేరే చోట పనిలో ఉన్నాడు, సాయంత్రానికి పంపుతాం అని నిజం చెప్పారు. ఆ నిజమే మాకు ఊరట.

రెండు గంటలకు మా వెనక మూడో పడవ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయేమో, ఒక పెద్దావిడ, ఒంటరిగా పడవ మీదే బతుకుతుందట. దిగి, ఏమీ అడగకుండా కింది తలుపుల దగ్గరికి వెళ్లి ఐదు నిమిషాలు నీళ్లు కారడం చూసింది. రెండు తలుపులూ కలిసే చోట అడుగున ఏదో ఇరుక్కుందని, పై నుంచి చూస్తే కనబడదని చెప్పింది. మేం రెండు గంటలు నిలబడి చూస్తున్నాం, మాకు తట్టలేదు. తొట్టి ఖాళీ చేయించి, కింది తలుపులు తీయించి, తన పొడవాటి కర్రతో అడుగున కెలికితే చెయ్యంత మొద్దు ఒకటి బయటికొచ్చింది. మళ్లీ తలుపులు మూసి నింపడం మొదలుపెట్టాం. ఇలాంటి వెడల్పాటి లాకు ఒకసారి నిండాలంటే రెండు లక్షల లీటర్లు పైనే కావాలి. సగం ప్యాడిల్‌తో గంటకు పైగా పట్టింది. మా ఆయన, ఆ ముందు పడవాయన వంతులేసుకుని హ్యాండిల్ పట్టుకున్నారు.

అప్పుడు కూడా నాలుగు వేళ్లు తక్కువే. ఆవిడ పడవలోకి వెళ్లి బకెట్టుతో పొయ్యి బూడిద తెచ్చింది. తొట్టి లోపలి వైపు, కింది తలుపుల సందుల దగ్గర కొద్దికొద్దిగా చల్లింది. కారే నీళ్లే ఆ బూడిదను సందుల్లోకి లాక్కుపోయి అక్కడ పట్టించేస్తాయి. ఒకప్పుడు సరుకు పడవల వాళ్లు చేసిన పనట. నేను నా కళ్లతో చూశాను: బయట ధారలు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. పదిహేను నిమిషాల్లో మట్టం కలిసింది. వదిన, నేను, బాబు కూడా దూలం మీద పడ్డాం. తలుపు మెల్లగా, చప్పుడు లేకుండా కదిలింది. అప్పటికి 4:10.

ఈ లాకు 14 అడుగుల వెడల్పు, మా పడవలు ఏడడుగుల లోపే, కాబట్టి రెండు పక్కపక్కనే పడతాయి. నీళ్లు తక్కువున్న చోట ఒక్క పడవతో తొట్టి ఖాళీ చేయడం తప్పు. ముందు పడవ, మా పడవ కలిసి దిగాం. దిగేటప్పుడు ఒక జాగ్రత్త: పై తలుపుల కింద సిల్ అనే రాతి గట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ పడవ వెనక భాగం దాని మీద కూర్చుంటే ముందు భాగం కిందికి వాలి పడవ మునిగిపోవచ్చు. అన్నయ్య స్టీరింగ్ దగ్గర, మా ఆయన గట్టు మీద ఉండి సిల్ హద్దు చూపే గోడ మీది గీతను చూస్తూ పడవను ముందుకే పట్టుకున్నారు.

చీకటి పడితే అద్దె పడవ నడపకూడదన్నది కంపెనీ నిబంధన. వెలుగుండగా ఇంకో రెండు లాకులు దాటొచ్చు, పద అన్నాడు అన్నయ్య. వదిన కదల్లేదు. ఆ పెద్దావిడ ఒక్కతే ఆ ప్యాడిల్ పట్టుకుని తలుపెలా తోస్తుంది అంది. వారంలో వాళ్లిద్దరూ మాటామాటా అనుకున్నది అక్కడే. ఆఖరికి అందరం ఆగాం. ఐదింటికి సంస్థ మనిషి వ్యానులో వచ్చాడు. క్షమించమని అడిగి, కొక్కెం సరిచేశాడు. ప్యాడిల్ మార్చాలంటే రెండు వైపులా పలకలు దింపి, తొట్టి మొత్తం ఎండబెట్టాలని, దానికి కాలువ కొన్నాళ్లు మూయాల్సి ఉంటుందని విడమరచి చెప్పాడు. ఐదున్నరకి ఆవిడ పడవ కూడా దిగింది. బూడిద బకెట్టులో మిగిలింది ఒక సంచిలో పోసి వదిన చేతికిచ్చింది. మేం డబ్బివ్వబోతే తీసుకోలేదు. రాత్రి మా పడవలో పులిహోర తింది.

మర్నాడు వెలుగొచ్చాక బయల్దేరి 11:20కి అప్పజెప్పాం. మూడు గంటల లెక్కన 150 పౌండ్లు డిపాజిట్‌లో పట్టుకున్నారు. నోటీసు తేదీ, మా ఫోన్ కాల్స్ టైము, ఫొటోలు అన్నీ జతచేసి రాశాం. మూడు వారాలైంది, జవాబు లేదు.

మీరు వెళ్తే నా మాట: ఫాక్స్‌టన్ దారి వదులుకోవద్దు. కానీ డబ్బు కట్టేముందు, బయల్దేరే రోజు పొద్దున, రెండుసార్లూ ఆ కాలువ నోటీసులు మీరే చూసుకోండి. లాకు మూతపడినా ఆగిపోయినా ఆలస్యపు రుసుము ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే వేరే కంపెనీ చూడండి. తిరుగు ప్రయాణంలో సగం రోజు ఖాళీ ఉంచుకోండి. విండ్‌లాస్ రెండు అడగండి, ఒకటి నీళ్లలో పడుతుంది.

మేం సామాను దించుతుంటే తర్వాతి కుటుంబం వచ్చింది, ఇద్దరు చిన్నపిల్లలతో. అదే అబ్బాయి అదే మ్యాపు మీద అదే చోట వేలు పెట్టి, ఇది కొంచెం బిగుతుగా ఉంటుంది అన్నాడు. వదిన చేతిలో పెట్టె కింద పెట్టి నేరుగా వాళ్ల దగ్గరికి నడిచింది. ప్లాస్టిక్ సంచి, జారే కొక్కెం, అడుగున ఇరుక్కునే మొద్దులు, అన్నీ ఆ అబ్బాయి ముందే చెప్పింది. కారులోంచి బూడిద సంచి తీసుకెళ్లి ఆ తల్లి చేతిలో పెట్టింది.