సుందర్‌బన్స్‌లో డాల్ఫిన్ బోట్: వెళ్లొచ్చా?

బంగ్లాదేశ్ వైపు మోంగ్లాలో బోట్ మాట్లాడుకుని పశుర్ నది మీద ధాంగ్‌మారి దాకా వెళ్లాం, 2012లో డాల్ఫిన్ల కోసమే అభయారణ్యం చేసిన చోటు అది. గంగా డాల్ఫిన్, ఇరవాడీ డాల్ఫిన్ రెండూ ఉంటాయి, పొడుగు ముక్కుదైతే గంగాది, గుండు తలదైతే ఇరవాడీ. గంగా డాల్ఫిన్‌కి చూపు దాదాపు ఉండదంట, శబ్దంతోనే దారి వెతుక్కుంటుంది. షోలో లాగా ఎగిరి దూకుతాయనుకుంటే మాత్రం వెళ్లకండి, బురదనీళ్లలోంచి ముక్కు లేచి బుస్సుమని ఊపిరి వదిలి మాయం, ఫోన్ తీసేలోపు అయిపోతుంది! మా బోటాయన డీజిల్ ఇంజన్ ఆపడానికి బద్ధకించాడు, గట్టిగా అడిగాకే ఆపాడు, మీరు ముందే చెప్పి పెట్టుకోండి. బోట్‌లో వండిన అన్నం, చేపల పులుసు సూపర్, బాత్‌రూమ్ దరిద్రం. 4/5.